ఐదు పార్కింగ్ చలాన్లు, ఒక స్కూటర్: ఏవి కట్టాం, ఏవి కొట్టేయించాం

ఈ కేసు చిన్నది. ఐదు చలాన్ల సొమ్మూ కలిపితే ఆ స్కూటర్ నడిపే ఆవిడకు నాలుగైదు రోజుల సంపాదన, అంతే. అయినా వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే పార్కింగ్ చలాన్లు పట్టుకుని లాయర్‌నైన నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది చెప్పేది ఒకటే మాట: "అన్నీ అన్యాయంగా వేశారు మేడమ్, అన్నీ తీసేయించండి." ఐదింటిలో ఏది నిజంగా అన్యాయమో విడదీసి చూడకుండా అన్నిటినీ ఒకే మూటగా తీసుకెళ్లి అధికారి ముందు పెడితే, ఆయన అందులో ఖాయంగా తప్పున్న ఒక్కదాన్ని చూపించి మొత్తం మూటనే పక్కన పెట్టేస్తాడు. ఈ కేసులో అదే జరిగింది, ముందు ఆవిడ చేతిలో, తర్వాత కొంతవరకు నా చేతిలో కూడా.

నేపథ్యం

తెలంగాణలో ఒక నగరం. వీధి, స్టేషన్, తేదీలు వదిలేస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఆవిడకు నలభై దాటాయి. ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తుంది, ఇద్దరు అమ్మాయిలను పనికి పెట్టుకుంది. జరీ, పూసలు, కుందన్లు, లైనింగ్ గుడ్డ కోసం వారంలో మూడు నాలుగు సార్లు బట్టల బజారుకి పోవాలి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, కానీ ఆవిడకు అదే గిరాకీ కాలం, శ్రావణం ముహూర్తాల జాకెట్లన్నీ అప్పుడే తయారు కావాలి కాబట్టి ఆ నెలలో ఒక్కోరోజు రెండు సార్లు కూడా బజారుకి వెళ్తుంది. స్కూటర్ ఆవిడ పేరు మీదే ఉంది. బూడిద రంగు బండి, కాళ్ల దగ్గర ఒక సంచి, సీటు వెనక ఇంకో సంచి.

అక్టోబర్‌లో ఒకరోజు తనిఖీలో బండి ఆపారు. హెల్మెట్ ఉంది, లైసెన్స్ ఉంది, ఇన్సూరెన్స్ ఉంది. నంబర్ కొట్టి చూస్తే ఐదు చలాన్లు పెండింగ్, ఐదూ పార్కింగ్‌వే, పాతది పద్నాలుగు నెలల కిందటిది. ఆవిడకు ఒక్కదాని గురించి కూడా తెలియదు. కారణం తర్వాత బయటపడింది. బండి కొన్నప్పుడు రిజిస్ట్రేషన్ కాగితాల్లో షోరూమ్‌లో పనిచేసే కుర్రాడు తన ఫోన్ నంబర్ రాసేశాడు, మెసేజ్‌లన్నీ ఏళ్ల తరబడి అతనికే పోతున్నాయి. ఇది చాలా మామూలుగా జరిగే సంగతి. ఇది చదువుతున్నవాళ్లు ముందు తమ ఆర్‌సీలో ఏ ఫోన్ నంబర్ ఉందో చూసుకోవాలి.

నేను లీగల్ సర్వీసెస్ అథారిటీ ప్యానెల్‌లో పనిచేసే లాయర్‌ని. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 12 ప్రకారం మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. చలాన్ లాంటి చిన్న విషయానికి కూడా రావచ్చని చాలామందికి తెలియదు. ఆవిడను ఒక కస్టమర్ పంపించింది.

నా దగ్గరకు వచ్చేసరికి ఏమేం చేసింది

ఆవిడ అప్పటికే మూడు పనులు చేసింది. తనిఖీలోనే కానిస్టేబుల్‌తో గట్టిగా వాదించింది, దానివల్ల పోయింది గంట సమయం. రెండోది, మేనల్లుడి చేత ఆన్‌లైన్‌లో ఒక ఫిర్యాదు పెట్టించింది. నేను చదివాను. ఐదు చలాన్లూ ఒకే దాంట్లో కలిపి, బజార్లో పార్కింగ్ లేకపోవడం గురించి, కార్లను వదిలేసి స్కూటర్ల మీద పడటం గురించి, తన కష్టం గురించి పెద్ద పేరా. అందులో ప్రతి మాటా నిజమే. కానీ ఆ పేరా చదివిన మనిషికి ఏ చలాన్ మీద ఏ నిర్ణయం తీసుకోవాలో అర్థం కాదు. వారం తర్వాత "సంబంధిత విభాగానికి పంపాం" అని జవాబొచ్చింది, ఆ తర్వాత ఏమీ లేదు.

మూడోది చుట్టాల సలహా: ఆగు, డిస్కౌంట్ వస్తుంది. అది గాలి కబురేమీ కాదు. 2022 మార్చిలో తెలంగాణలో టూవీలర్ పెండింగ్ చలాన్ల మీద 75 శాతం తగ్గించారు, 2023 డిసెంబర్ చివర్లో మళ్లీ 80 శాతం తగ్గించి 2024 ఫిబ్రవరి వరకు పొడిగించారు. అందుకే జనం ఎదురుచూస్తారు. కానీ డిస్కౌంట్ అనేది తప్పు ఒప్పుకుని కట్టేవాళ్ల కోసం. నీ బండి కాని బండికి పడిన చలాన్‌లో ఇరవై శాతం కట్టినా నీది కాని తప్పుకి కట్టినట్టే. పైగా ఆగేకొద్దీ సాక్ష్యం కరిగిపోతుంది. బోర్డులు మారతాయి, ఫ్లెక్సీలు దిగిపోతాయి, దుకాణాల సీసీ కెమెరాల్లో పాత రికార్డింగ్ చెరిగిపోతుంది. అందుకే ఆగొద్దన్నాను, అప్పుడే కట్టొద్దు కూడా అన్నాను. చలాన్ కట్టడమంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 200 కింద ఆ నేరాన్ని రాజీ చేసుకోవడం. కట్టగానే కేసు అక్కడితో ముగుస్తుంది, తర్వాత "అది నాది కాదు" అనడానికి వేదిక మిగలదు. టెన్షన్‌లో అన్నీ ఒకేసారి ఫోన్‌లో కట్టేసి మరుసటి రోజు లాయర్ దగ్గరకు వచ్చేవాళ్లు ఉన్నారు, వాళ్లకు నేను చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

ఐదు ఫొటోలు

మొదటి రోజు మేం చేసింది ఒకటే పని. ఐదు చలాన్ల ఫొటోలూ నా కంప్యూటర్‌లో తెరిచి, ఒక్కోదాన్ని పెద్దది చేసి చూడటం. ఆవిడ పక్కన కూర్చుంది. నేను అడిగిన ప్రశ్నలు ప్రతి ఫొటోకీ అవే: బండి మీదేనా, చోటు గుర్తుందా, ఆరోజు అక్కడికి వెళ్లారా, బండి పెట్టింది మీరేనా.

మొదటి ఫొటో చూడగానే, "గిది నా బండే కాదు మేడమ్" అంది. నిజంగానే కాదు. ముదురు నీలం బండి, వెనక చిన్నపిల్లల స్టిక్కర్. నంబర్ ప్లేట్ మీద బురద పడి ఒక అంకె సగం మూసుకుపోయింది, 8ని 3గా చదివారు. ఇలాంటిది తేల్చడానికి చట్టం కూడా అక్కర్లేదు, రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే చాలు.

రెండు, మూడు ఒకే చోటివి. ఒక పెద్ద బట్టల దుకాణం ముందు ఫుట్‌పాత్. రెండింట్లోనూ బండి ఆవిడదే. "సెక్యూరిటీ అన్నే గీడ పెట్టమన్నడు, పార్కింగ్ అని బోర్డు కూడా ఉంది" అంది. ఫొటోలో ఆ బోర్డు కనిపిస్తోంది కూడా, దుకాణం వాళ్లు పెట్టిన రేకు బోర్డు.

నాలుగోది లోపలి సందులో. ఆ సందులో సరి-బేసి పద్ధతి ఉంది, అంటే సరి తేదీల్లో ఒక పక్క, బేసి తేదీల్లో రెండో పక్క బండ్లు పెట్టాలి. ఆషాఢంలో ఒక సరి తేదీన ఆవిడ తప్పు పక్కన పెట్టింది. బోర్డే కనిపించలేదంటుంది.

ఐదోది జీబ్రా గీతల మీద, వరసలో చివరి బండి. తను అక్కడ పెట్టలేదని, వరస మధ్యలో పెట్టానని, ఎవరో తమ బండి తీసుకోవడానికి జరిపేసి ఉంటారని చెప్పింది. ఇది స్కూటర్ వాళ్లకే ఉండే బాధ. కారుని ఎవరూ ఎత్తి పక్కన పెట్టరు. స్కూటర్‌ని మాత్రం హ్యాండిల్ లాక్ వేసినా సరే, వెనక పట్టుకుని ఎత్తి గీత అవతల పెట్టేసి పోతారు.

ఏ చోటుకి బోర్డు కావాలి, ఏ చోటుకి అక్కర్లేదు

"అక్కడ నో పార్కింగ్ బోర్డు లేదు" అనేది జనం వాడే మొదటి వాదన. అది కొన్నిచోట్లే నిలుస్తుంది.

2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం కొన్నిచోట్ల బండి పెట్టకూడదు, బోర్డు ఉన్నా లేకపోయినా. ఫుట్‌పాత్, సైకిల్ ట్రాక్, జీబ్రా క్రాసింగ్, కూడలికి 50 మీటర్ల లోపు, బస్టాప్ దగ్గర, బడి, ఆసుపత్రి గేట్ల ముందు, వేరేవాళ్ల ఆవరణ దారికి అడ్డంగా, అప్పటికే ఆగి ఉన్న బండి పక్కన రెండో వరసగా. ఈ చోట్ల విషయంలో బోర్డు లేదన్న వాదన పెట్టడమంటే నిబంధన చదవలేదని మనమే ఒప్పుకోవడం.

సరి-బేసి అలా కాదు. సందు మామూలు సందే, బేసి తేదీల్లో ఆ పక్కన పెట్టుకోవచ్చు, సరి తేదీల్లోనే నిషేధం. రోడ్డు చూసి ఎవరూ తెలుసుకోలేరు, బోర్డు చెబితేనే తెలుస్తుంది. ట్రాఫిక్ గుర్తుని పాటించాల్సిన బాధ్యత బండి నడిపేవాళ్ల మీద మోటారు వాహనాల చట్టం సెక్షన్ 119 పెడుతుంది, కానీ పాటించాలంటే ముందు అది కంటికి కనపడాలి కదా. కాబట్టి నాలుగో చలాన్‌లో మాత్రమే బోర్డు వాదనకి ప్రాణం ఉంది.

దుకాణం ముందు ఫుట్‌పాత్ గురించి ఆవిడతో అరగంట మాట్లాడాల్సి వచ్చింది. ఎక్కడ బండి నిలపొచ్చో నిర్ణయించేది సెక్షన్ 117 కింద ప్రభుత్వం, లేదా అది అధికారం ఇచ్చిన సంస్థ, స్థానిక సంస్థతో సంప్రదించి. దుకాణం యజమానికి ఆ అధికారం లేదు, విజిల్ ఊదే సెక్యూరిటీ అన్నకు అసలే లేదు. ఫుట్‌పాత్ నడిచేవాళ్లది. ఆవిడకు కోపం వచ్చింది, "మరి బోర్డు పెట్టినోన్ని వదిలేసి నాకెందుకు ఏస్తరు?" అని. ఆ ప్రశ్న సరైనదే, నాకూ అదే కోపం. కానీ బోర్డు పెట్టినవాడి తప్పు మీద మున్సిపాలిటీకి వేరే ఫిర్యాదు ఇవ్వాలి తప్ప, దాన్ని అడ్డం పెట్టుకుని మన చలాన్ కొట్టేయమని అడగలేం. ఆ రెండూ కట్టేద్దాం అన్నాను. ఇంకో లెక్క కూడా చెప్పాను. రాష్ట్రం నిర్ణయించిన రాజీ మొత్తం, పైన యూజర్ ఛార్జీలు 35 రూపాయలు, ఇదీ ఇప్పుడు కట్టాల్సింది. కోర్టుకి పోయి ఓడితే సెక్షన్ 177 కింద మొదటి తప్పుకి 500 వరకు, ఆపై తప్పులకు 1,500 వరకు జరిమానా పడొచ్చు, 2019 సవరణ తర్వాత అంకెలు అవి. డ్రైవింగ్ నిబంధనలు మీరారని 177ఎ కింద పెడితే 500కి తగ్గకుండా 1,000 వరకు. ఓడిపోతామని తెలిసిన దానికి ఆ రిస్క్ ఎందుకు?

ఒక రాత్రి ఆలోచించి మరుసటి రోజు ఫోన్ చేసి సరేనంది. ఆ రెండూ ముందే కట్టించాను. మిగతా మూడింటి కోసం స్టేషన్‌కి వెళ్లినప్పుడు, తప్పున్న చోట ఒప్పుకుని కట్టిన మనిషిగా వెళ్లాలని నా ఉద్దేశం.

నేను చేసిన పొరపాటు

మూడింటికీ కలిపి ఒక చట్టపరమైన వాదన దొరికిందనుకున్నాను. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోకి 167ఎ అనే కొత్త నిబంధన వచ్చింది. ఎలక్ట్రానిక్ పరికరాలతో వేసే చలాన్లకు సంబంధించింది అది. తప్పు జరిగిన పదిహేను రోజుల్లోగా నోటీసు పంపాలని అందులో ఉంది. ఆవిడకు ఒక్క నోటీసూ అందలేదు కదా, మూడూ ఒకేసారి పడిపోతాయి అనుకుని దాని మీదే నాలుగు పేజీల లేఖ తయారుచేశాను. వేరే నంబర్, బోర్డు, జరిపిన బండి, ఇవన్నీ చివరి పేజీలో రెండేసి వాక్యాల్లో పెట్టాను.

స్టేషన్‌లో ఆ పని చూసే అధికారి మర్యాదగానే కూర్చోబెట్టారు. కంప్యూటర్‌లో చూసి, "మేడమ్, మెసేజ్ అదే రోజు పోయింది, ఆర్‌సీలో ఉన్న నంబర్‌కే పోయింది. నంబర్ మార్చుకోకపోతే మా తప్పా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. షోరూమ్ కుర్రాడి సంగతి చెప్పాను గానీ అది పోలీసుల తప్పు కాదు. ఆయన లేఖ మడిచి తిరిగిచ్చేశారు. చివరి పేజీ దాకా వెళ్లనే లేదు. నీలం రంగు బండి ఫొటో, ఒక్క చూపులో తేలిపోయేది, ఆరోజు ఆయన కంటపడకుండానే మేం బయటికి వచ్చేశాం.

మేనల్లుడి పేరాలో నేను పట్టిన తప్పే నా నాలుగు పేజీల్లోనూ ఉంది. బలమైన వాస్తవాలను బలహీనమైన వాదన వెనక దాచిపెట్టాను. నోటీసు వాదన ఎక్కడా పనిచేయదని అనడం లేదు, ఆర్‌సీలో సరైన నంబరే ఉండి, ఏ రకంగానూ సమాచారం రాకపోతే అది గట్టి వాదనే. ఈ కేసులో మాత్రం కాదు.

ఏది పనిచేసింది

మళ్లీ మొదలుపెట్టాం. చలాన్‌కి ఒక లేఖ, లేఖకి ఒక పేజీ. పైన చలాన్ నంబర్, తేదీ, చోటు, దాని కింద ఏం కోరుతున్నామో ఒక్క వాక్యం, ఆ తర్వాత కారణం, జత చేసిన కాగితాలు. కష్టాల గురించి ఒక్క మాట లేదు. మూడు లేఖలూ చేతికిచ్చి, నకళ్ల మీద స్టాంపు, సంతకం, తేదీ వేయించుకున్నాం. స్టాంపు లేని లేఖ ఇచ్చినట్టు కాదని నేను అందరికీ చెబుతాను, ఈ ఒక్క విషయంలో చాదస్తంగా ఉంటాను.

నీలం బండి లేఖకి చలాన్ ఫొటో, ఆవిడ బండిని వెనక నుంచి, పక్క నుంచి తీసిన ఫొటోలు, ఆర్‌సీలో రంగు రాసి ఉన్న చోట గీత పెట్టిన నకలు జత చేశాం. తొమ్మిది రోజుల్లో రద్దయింది. ఎవరూ ఫోన్ చేయలేదు, మేమే సైట్‌లో చూసి తెలుసుకున్నాం.

జీబ్రా గీతల చలాన్‌లో మా దగ్గర ఒకే ఒక్క ఆధారం ఉంది. ఆవిడ ఎప్పుడూ డబుల్ స్టాండే వేస్తుంది, గుడ్డ సంచుల బరువుకి సైడ్ స్టాండ్ మీద బండి వాలిపోతుందని. ఫొటోలో బండి సైడ్ స్టాండ్ మీద ఉంది. నా మటుకు నాకు ఆవిడ చెప్పేది నిజమని అది చూశాకే పూర్తిగా నమ్మకం కలిగింది. కానీ నేను నమ్మడం వేరు, రుజువు వేరు. పక్కన ఉన్న మందుల షాపు కెమెరాలో ఆ రోజు రికార్డింగ్ ఎప్పుడో పోయింది. అధికారి అన్నది కూడా కాదనలేం: "బండి అక్కడే ఉంది కదమ్మా, ఎవరు జరిపారో మాకెలా తెలుస్తుంది?" లేఖ తిరస్కరించారు. లోక్ అదాలత్‌లో పెడదామా అని ఆలోచించాం, అక్కడ మొత్తం కొంత తగ్గొచ్చు. కానీ ఒక పూట పని పోతుంది, శ్రావణం కాకపోయినా కార్తీకం పెళ్లిళ్లు దగ్గరపడుతున్నాయి, తగ్గేదాని కంటే పోయేదే ఎక్కువ. కట్టేసింది. అన్నిటికంటే ఎక్కువ బాధపడింది దీనికే.

ఇక నాలుగోది.

ఫ్లెక్సీ

బోర్డు కనపడలేదన్నది ఆవిడ మాట. మేం నవంబర్‌లో ఆ సందుకి వెళితే బోర్డు స్తంభం మీద చక్కగా కనిపిస్తోంది. నీలం గుండ్రం, ఎర్ర అంచు, అడ్డంగా ఎర్ర గీత, కింద "సరి తేదీలు". నాకు గుండె జారింది. ఆవిడ మాత్రం పట్టు వదల్లేదు, ఆరోజు లేనే లేదంటుంది.

ముందు ఇంకో సంగతి తేల్చుకోవాలి. ఆ చోటు కూడలికి 50 మీటర్ల లోపు ఉంటే బోర్డు సంగతి ఎత్తడమే వృథా, ఎటు చూసినా తప్పే. కొలవడానికి టేపు లేదు. ఆవిడ దగ్గర్లోని దుకాణంలో నైలాన్ తాడు కొనుక్కొచ్చి, తన జాకెట్ టేపుతో ఐదు మీటర్లు కొలిచి ముడి వేసింది. ఆ తాడు చెరో చివర పట్టుకుని సందు మొదలు నుంచి స్తంభం దాకా పొర్లించుకుంటూ పోయాం. పన్నెండు సార్లు పెట్టాక ఇంకా మూడు మీటర్లు మిగిలింది. 63 మీటర్లు. బతికాం అనుకున్నాం.

ఇంటికి వచ్చి చలాన్ ఫొటో మళ్లీ తెరిచాను. సైట్‌లో పెట్టే ఫొటో చిన్నది, పెద్దది చేస్తే మసకబారుతుంది. పై కుడి మూలలో ఏదో పసుపు గుడ్డలాంటిది ఉంది, ఏంటో తెలియడం లేదు. 167ఎ ఇక్కడ వేరే రకంగా అక్కరకొచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డుని చలాన్ తేలేదాకా భద్రపరచాలని అందులోనే ఉంది. అంటే అసలు ఫొటో వాళ్ల దగ్గర ఉండి తీరాలి. పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ దరఖాస్తు పెట్టాం, రెండే అడిగాం: ఆ చలాన్‌కి తీసిన ఫొటోలన్నీ కుదించకుండా ఇవ్వండి, ఆ సందులో సరి-బేసి పెట్టిన ఉత్తర్వు నకలు ఇవ్వండి. ముప్పై రోజుల గడువులో ఇరవై ఏడో రోజున జవాబొచ్చింది.

అసలు ఫొటోలు రెండున్నాయి. సైట్‌లో పెట్టింది ఒకటి, పెట్టనిది ఒకటి. రెండోది రెండడుగులు వెనక్కి వేసి తీసినట్టుంది. అందులో స్తంభం మొత్తం కనిపిస్తోంది. స్తంభానికి నిలువునా ఒక ఫ్లెక్సీ, పసుపు మీద ఎర్ర అక్షరాలు, "బోనాల శుభాకాంక్షలు", కింద స్థానిక నాయకుల ముఖాలు, అడుగున ఆ ఏడాది తేదీ. ఫ్లెక్సీ పై అంచు దగ్గర, కట్టిన తాడుకి కాస్త పైన, గోరంత మందం ఎర్ర రంగు వంపు. అది బోర్డు అంచు. మిగతా బోర్డంతా ఫ్లెక్సీ వెనకే ఉంది. ఆవిడ తెర మీద ఆ వంపుని వేలితో తడిమి చూసింది, ఏం మాట్లాడలేదు, కళ్లు తుడుచుకుంది. పోలీసులు తీసిన ఫొటోలోనే ఆవిడ మాటకి సాక్ష్యం ఉంది, నాలుగు నెలలుగా.

మళ్లీ ఒక పేజీ లేఖ. రెండో ఫొటోని పెద్ద సైజులో రంగుల్లో ప్రింట్ తీయించి, ఎర్ర వంపు చుట్టూ పెన్నుతో సున్నా చుట్టాం. పక్కనే నవంబర్‌లో అదే కోణంలో, బండి మీద వచ్చే మనిషి కంటి ఎత్తులో తీసిన ఫొటో పెట్టాం, బోర్డు ఎక్కడ ఉంటుందో తెలియడానికి. తాడు కొలత రాశాం. చివర్లో ఒక్క వాక్యం: రద్దు చేయడం కుదరకపోతే దయచేసి కోర్టుకి పంపండి, ఇవే కాగితాలు అక్కడ దాఖలు చేస్తాం.

ఆ వాక్యం బెదిరింపు కోసం రాయలేదు. నిజంగానే వెళ్లడానికి సిద్ధపడ్డాం, ఎంత జరిమానా పడొచ్చో ఆవిడకు ముందే చెప్పాను. లోక్ అదాలత్ మాత్రం దీనికి వద్దన్నాను, ఎందుకంటే అక్కడ జరిగేది రాజీ, అక్కడి తీర్పు మీద అప్పీలు కూడా ఉండదు. తప్పు లేదని తేలాల్సిన చోట రాజీ సరైన మందు కాదు. నాలుగో ఫొటో విషయంలో ఆవిడకు కావాల్సింది తగ్గింపు కాదు, "నువ్వు అబద్ధం చెప్పలేదు" అన్న మాట.

మొదట మా లేఖ మడిచి ఇచ్చేసిన అధికారే ఈసారి ప్రింట్‌ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూశారు. చాలాసేపు చూశారు. "ఇది మావాడు చూసుకోవాల్సింది" అన్నారు. తన స్థాయిలో కుదరదని పైకి పంపారు. పంతొమ్మిదో రోజున రద్దయింది.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

ఇప్పుడు ఎవరు చలాన్‌తో వచ్చినా, ఒక చలాన్‌కి మించి ఉంటే వాటిని ముందు కాగితం మీద మూడు కుప్పలుగా రాయిస్తాను: తప్పు నాదే, తప్పు నాది కాదు చూపించగలను, తప్పు నాది కాదు కానీ చూపించలేను. మూడో కుప్ప గురించి నిజాయితీగా చెప్పడం కష్టం, వచ్చినవాళ్ల ముఖం మాడిపోతుంది. కానీ మొదటిరోజే చెబితే వాళ్లకు డబ్బు, రోజులు మిగులుతాయి.

సైట్‌లో కనిపించే ఫొటోతో ఆగిపోవడం మానేశాను. అసలు ఫొటోలన్నీ అడుగుతాను. ఫొటో తీసేవాళ్లు చాలాసార్లు ఒకటికి రెండు తీస్తారు, పెట్టేది ఒకటే. ముందు ఫొటో, తర్వాత చోటు, ఆ తర్వాతే చట్టం. నేను మొదట తిరగేసి వెళ్లాను కాబట్టే నెల రోజులు పోయాయి.

స్కూటర్ నడిపేవాళ్లకు ఒకటే చెబుతున్నాను. బజార్లో బండి పెట్టగానే ఫోన్ తీసి ఒక ఫొటో కొట్టండి, నంబర్ ప్లేట్, స్టాండ్, కింద గీత, పక్కన బండి పడేలా. పది సెకన్ల పని. బండిని ఎవరైనా జరిపితే, ఆ జీబ్రా గీతల చలాన్‌లో మా దగ్గర లేని కాగితం అదే. టోయింగ్ చేసినా పనికొస్తుంది. నిషేధం ఉన్న చోట పెట్టిన బండిని, లేదా పది గంటలకు మించి దిక్కులేకుండా వదిలేసిన బండిని తరలించే అధికారం సెక్షన్ 127 కింద ఉంది, ఖర్చు యజమానిదే. అలాంటప్పుడు బండిని నేను ఎక్కడ పెట్టాను అన్నదే మొత్తం వివాదం.

ఆవిడ ఆర్‌సీలో ఫోన్ నంబర్ మార్చుకుంది. బట్టల దుకాణం ముందు ఫుట్‌పాత్ మీద బోర్డు గురించి మున్సిపాలిటీకి ఇచ్చిన ఫిర్యాదుకి ఒకసారి వచ్చి బోర్డు తీసేశారు, పది రోజుల్లో మళ్లీ పెట్టారు. మేం మళ్లీ ఇచ్చాం. ఇప్పుడు ఆవిడ డబ్బులిచ్చే పార్కింగ్‌లో బండి పెట్టి, రెండు సంచులూ మోసుకుంటూ నడిచి వస్తుంది.

ఈ ఏడాది వినాయక చవితికి ముందు రోజు ఆవిడ నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. అదే సందు, అదే స్తంభం, ఈసారి ఆకుపచ్చ ఫ్లెక్సీ, బోర్డు పూర్తిగా మూసుకుపోయింది. కింద రాసింది: "మేడమ్, తారీఖు టైమ్ పడేటట్టు తీసిన. కార్పొరేషన్‌కి నేనే పంపిన."